బుడమేరుకు చోటు వదలండి

సంపాదకులు గారికి,

2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఇంట్లో నడుముల్లోతు నీళ్లు. అవి తీశాక బీరువా కింద, మిక్సీ జార్లలో కూడా వేలు మందాన మెత్తటి ఒండ్రు. కడిగే కొద్దీ వస్తూనే ఉంది. అప్పుడర్థమైంది, ఏరు మోసుకొచ్చేది నీళ్లొక్కటే కాదని.

మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరు మెలికలు తిరుగుతూ కొల్లేరు చేరుతుంది. ఉరవడి ఉన్నచోట ఇసుకను, మట్టిని కోసుకుపోతుంది, నిదానించిన చోట దించేస్తుంది. వంపులో బయటివైపు గట్టు కోతకు గురైతే లోపలివైపు మేట పడుతుంది. ఆ మేటను చదును చేసి ప్లాట్లు వేస్తే, ఇరుకైన ఏరు అవతలి గట్టును తొలిచేస్తుంది. పూడిక తీయకపోతే అడుగు పైకి లేచి, ఓ మోస్తరు వరదకే నీళ్లు గట్టెక్కుతాయి.

అధికారులకు నా విన్నపం: పూడికను ఎండాకాలంలోనే తీయించండి. తీసిన మట్టిని గట్టు మీదే పోస్తే పెద్ద వానకు మళ్లీ ఏట్లోకే జారుతుంది, దూరంగా తరలించండి. వంపుల దగ్గర హద్దురాళ్లు పాతించండి. వాన పడిన ప్రతి రాత్రీ మా వీధిలో ఎవరికీ నిద్ర పట్టడం లేదు, అదే టెన్షన్.

– ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ