అధ్యయన సంఘం వార్షిక నివేదిక: 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాల్లో ఆడ, మగ అనే గీతల్లో ఇమడనివాళ్ల జీవితం, వాళ్ల హక్కుల పోరాటం, దీనిపై మానవశాస్త్రవేత్తలు చేసిన పరిశోధన... ఈ ఏడాది మన చదువంతా దీనిమీదే సాగింది. మొదట్లో "ఇస్లాం దీన్ని ఒప్పుకుంటుందా లేదా, ముందు అది తేల్చండి" అని కొందరు పెద్దలు పట్టుబట్టారు. అది తేలలేదు. ఒకే మతం మాట చెబుతూ ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది మరి.

ఎక్కువ సమావేశాలు పాకిస్తాన్‌కే పోయాయి. 2009లో తక్షశిలలో ఖ్వాజాసిరాలను (మన హిజ్రాల్లాంటి సముదాయం) పోలీసులు పట్టుకుని వేధించారు. దానిమీద సుప్రీంకోర్టుకు వెళ్లిన న్యాయవాది అస్లం ఖాకీ స్వయంగా ఇస్లామిక్ ధర్మశాస్త్రం చదువుకున్నవాడు. ఆ కేసు వల్లే గుర్తింపు కార్డులో వాళ్లకంటూ ఒక గడి వచ్చింది. 2018 చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చంది. 2023 మేలో, చట్టాలు ఇస్లాంకు లోబడి ఉన్నాయా అని చూసే ఫెడరల్ షరియత్ కోర్టు ఆ సెక్షన్‌నూ, ఆస్తిలో వాటాకు సంబంధించిన సెక్షన్‌నూ కొట్టేసింది. తలుపు తెరిచిందీ మూసిందీ ఒకే ధర్మశాస్త్రం పేరుతోనే.

ఖ్వాజాసిరాల మీద మానవశాస్త్రవేత్త ఫారిస్ ఖాన్ చేసిన పరిశోధనపై చర్చ బాగా వేడెక్కింది. ఎవరి ముందు ఎంత చెప్పాలి, ఎంత దాచాలి అన్నది ఖ్వాజాసిరాలకు తరాలుగా అబ్బిన నేర్పు. పుట్టుకతోనే తమ శరీరం ఇలా ఉందని ఒకచోట అంటారు, తమలో ఉన్నది ఆడ రూహ్ (ఆత్మ) అని ఇంకోచోట చెబుతారు. "ఇది మోసం కాదా?" అని ఒక సభ్యుడు నిలదీశారు. పోలీసుకూ పెళ్లివారికీ ఆఫీసు గుమాస్తాకూ ఒకే జవాబు ఇవ్వాలని ఆశించడానికి మనమెవరం అని నాకనిపించింది. అన్నీ విప్పి చెప్పుకోగలిగితేనే ఉద్యమం అనుకోవడం మనకున్న అలవాటు.

ఇరాన్ మీద ఒక్క సమావేశమే పెట్టగలిగాం. 1980ల్లో మర్యం మొల్కారా అనే ట్రాన్స్ మహిళ పట్టువిడవకుండా తిరిగి, లింగమార్పిడి శస్త్రచికిత్సకు అనుమతిస్తూ దేశాధినేత ఖొమైనీ దగ్గర ఫత్వా (మతపరమైన తీర్పు) సంపాదించారు. అక్కడ శస్త్రచికిత్సకు ప్రభుత్వమే కొంత సాయం చేస్తుంది, స్వలింగ సంబంధానికి మాత్రం శిక్ష తప్పదు.

ఇండోనేసియాలోని యోగ్యకర్తాలో వరియాల (అక్కడి ట్రాన్స్ మహిళల) కోసం 2008లో మొదలైన మదరసా గురించి చదివిన రోజు ఎవరూ వాదించలేదు. అక్కడ నమాజుకు ఆడవాళ్లు కప్పుకునే ముకెనాను కొందరు వేసుకుంటారు, కొందరు లుంగీ కట్టుకుంటారు. ఎవరిష్టం వారిది. 2016లో బయటివాళ్ల ఒత్తిడికి దానికి తాళం పడింది, తర్వాత మళ్లీ తెరుచుకుంది.

"ఇవన్నీ పరాయి దేశాల ముచ్చట్లు కదా" అన్నవాళ్ల కోసం మన హైదరాబాద్ సంగతీ చేర్చాం. ఇక్కడి హిజ్రాల మధ్య 1990ల్లో మానవశాస్త్రవేత్త గాయత్రీ రెడ్డి చేసిన పరిశోధనలో పదేపదే వినిపించే మాట ఇజ్జత్, అంటే పరువు. పుట్టుకతో హిందువులైనవాళ్లు కూడా హిజ్రాల్లో కలిశాక తాము ముస్లింలమనే చెప్పుకునేవారు. నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టం ప్రకారం ఆడబట్టల్లో వీధిలో ఆడినా పాడినా వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో. అన్నేళ్లూ అది పుస్తకాల్లో ఉందని మనలో చాలామందికి తెలియదు.

హాజరు గురించి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. వానాకాలంలో పలచబడింది, పరీక్షల నెలల్లో మరీనూ. చందా బాకీ ఉన్నవాళ్లు దయచేసి కట్టేయండి. పుస్తకాలు తీసుకెళ్లి ఇవ్వనివాళ్లు కూడా.

వచ్చే ఏడాది బంగ్లాదేశ్. 2013లో హిజ్రాలను గుర్తించిన ప్రభుత్వమే, 2015లో ఉద్యోగాలకు ఎంపికైనవాళ్లను వైద్యపరీక్షకు పంపి, వీళ్లు మగవాళ్లేనని వెనక్కి పంపింది. ఈ అంశానికి వక్తగా హిజ్రా సముదాయం నుంచి ఒకరిని పిలుద్దామని కార్యవర్గం అనుకుంటోంది. దారిఖర్చులతో పాటు గౌరవ వేతనం కూడా ఇవ్వాలన్నది నా ప్రతిపాదన. దీనిపై సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ ఉంటుంది. జమాఖర్చులు కోశాధికారి అక్కడే చదివి వినిపిస్తారు.

– కార్యదర్శి