ఫోన్ రేటుతో పాటు డిస్‌ప్లే రేటు కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్తే.

మీ పేపర్‌లో కొత్త ఫోన్ల మీద వచ్చే కాలమ్ నేను వదలకుండా చదువుతాను. దేవరకొండలో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది, కరెంటు పోతే చేతిలో పనేమీ ఉండదు కాబట్టి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అయిపోతుంది. నెల కింద కొత్త ఫోన్ కొన్నాక, మీరు రాసేదానికీ మాకు కావలసిందానికీ ఎంత తేడా ఉందో తెలిసొచ్చింది. అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి.

ముందు పాత ఫోన్ సంగతి. రెండున్నరేళ్లు బాగానే నడిచింది. ఒకరోజు రాత్రి అప్‌డేట్ వచ్చింది, పొద్దున లేచి చూస్తే స్క్రీన్ ఎడమ పక్కన పైనుంచి కింది దాకా సన్నటి పచ్చ గీత. కింద పడలేదు, తడవలేదు. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ మా దగ్గర లేదు, షాపు బంద్ పెట్టి నల్లగొండ పోయాను. అక్కడి పిల్లగాడు ఫోన్‌ను ఇటు తిప్పి అటు తిప్పి "డిస్‌ప్లే మార్చాలన్నా, 8,700" అన్నాడు. ఫోన్ కొన్నదే 17 వేలకు! వారంటీ ఏడాదికే అయిపోయింది. అమోలెడ్ స్క్రీన్‌లో చుక్కలన్నీ వరసలుగా ఉంటాయి, ఒక నిలువు వరసకు పోయే కనెక్షన్ దెబ్బతింటే ఆ వరస మొత్తం గీతలాగా వెలుగుతూ ఉండిపోతుంది. మా పనిలో కూడా ఒక కాయిల్ కాలితే మోటార్ ఆగుతుంది, కాకపోతే మేం విప్పి మళ్లీ చుడతాం, రైతును కొత్త మోటార్ కొనుక్కోమనం. ఫోన్లో ఆ వెసులుబాటు లేదు, గీత ఒక్కటైనా డిస్‌ప్లే మొత్తం మార్చాల్సిందే.

మార్చలేదు. 16,499 పెట్టి వేరే కంపెనీది కొన్నాను.

కొత్తదాంట్లో మంచి లేదని కాదు. బ్యాటరీ 6,000 ఎంఏహెచ్, పొద్దున తీస్తే రాత్రి పడుకునే దాకా వస్తుంది. ఎండలో స్క్రీన్ కనిపిస్తుంది, ఇది నాకు పెద్ద విషయం, ఎందుకంటే నా పని సగం బోరు దగ్గరే, స్టార్టర్ డబ్బా ముందు నిలబడి రైతుకు వీడియో చూపించాలంటే పాత ఫోన్ మీద తువ్వాల కప్పుకొని చూడాల్సి వచ్చేది. ఫోన్ డబ్బా అట్ట మీద రాసే పెద్ద నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత) నంబర్ మాత్రం నమ్మకండి, అది వీడియోలో ఏ చిన్న ముక్కో ఒక్క క్షణం వెలిగినప్పటి లెక్క. ఎండలో స్క్రీన్ మొత్తం ఎంత వెలుగుతుందో అది వేరే నంబర్, దాన్ని చిన్నక్షరాల్లో రాస్తారు. మీరైనా ఆ రెండో నంబర్ వేస్తే బాగుంటుంది.

ఇక చెడు. పవర్ బటన్ మీదే వేలిముద్ర పెట్టారు, నా వేళ్లకు వార్నిష్, గ్రీజు, రాగి తీగ కోతలు. పదిసార్లలో ఆరుసార్లు "మళ్లీ ప్రయత్నించండి" అంటుంది. మా ఊళ్లో మేస్త్రీలకూ పత్తి ఏరే ఆడవాళ్లకూ ఇదే బాధ. షాపులో కొనేటప్పుడు శుభ్రంగా కడుక్కున్న చేతులతో చూశాం కాబట్టి తెలియలేదు. ఇప్పుడు పిన్ నంబరే కొడుతున్నా.

కెమెరా 50 మెగాపిక్సెల్ అని అట్ట మీద పెద్దగా ఉంది. ఫొటో మామూలుగా తీస్తే నాలుగేసి చుక్కలను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెలే ఇస్తుంది. అది తప్పేం కాదు, మసక వెలుతురులో అట్లా తీస్తేనే బాగొస్తుంది. మోటార్ నేమ్‌ప్లేట్ మీద అరిగిపోయిన అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి, నాకది చాలు. కానీ పక్కన ఇంకో 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా పెట్టారు, దాంతో తీగ గేజ్ దగ్గరగా తీద్దామంటే వెంట్రుకో తీగో తెలియడం లేదు. వెనక రెండు కళ్లు కనిపించాలి కాబట్టి పెట్టారంతే.

ర్యామ్ "8+8" అంటే 16 జీబీ అనుకున్నాడు మా పిల్లవాడు, ఇంటర్ చదువుతున్నాడు. రెండో 8 అసలు ర్యామే కాదు, స్టోరేజీలో కొంత జాగా తీసి ర్యామ్‌లాగా వాడుకోవడం, దాని వేగం ర్యామ్‌కు దరిదాపుల్లో ఉండదు. ఇంకోటి, ఫోన్ తెరవగానే యాడ్‌లు, అడగని గేమ్‌లు. అవన్నీ ఒక్కొక్కటి తీసేయడానికి వాడికి గంట పట్టింది. డబ్బులిచ్చి కొన్న వస్తువులో మళ్లీ మనకే యాడ్‌లేందో!

5జీ సంగతి చెప్పాలి. దేశంలో 2022 అక్టోబర్ 1న మొదలైంది, దేవరకొండ టౌన్‌లో బాగానే వస్తుంది. చందంపేట వైపు తండాలకు బోరు పనికి పోతే 5జీ కాదు కదా, 4జీ ఒక్క గీత దొరికితే గొప్ప. ఫోన్ ఊరికే 5జీ కోసం వెతుక్కుంటూ వేడెక్కి బ్యాటరీ తింటుంది, అందుకని సెట్టింగ్స్‌లో 4జీకి పెట్టుకున్నా. 5జీలోనే 700 మెగాహెర్ట్జ్ అనే సిగ్నల్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, ఫోన్లో ఎన్28 అనే బ్యాండ్ ఉంటే దాన్ని అందుకుంటుంది. తండాల్లో తిరిగేవాళ్లు చూసుకోవాల్సింది ఇది.

కొనేటప్పుడు "నో కాస్ట్ ఈఎంఐ" అన్నారు. నగదైతే 15,700కే ఇస్తామన్నారు, అదే ఈఎంఐ అయితే 16,499, పైన ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్‌టీ. మరి కాస్ట్ ఎక్కడ లేదు? సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. చేతిలో పైసలు లేక ఈఎంఐకే తీసుకున్నా, అది నా తిప్పలు. పన్ను మాట కూడా ఇక్కడే. ఫోన్ల మీద జీఎస్‌టీ 2020 ఏప్రిల్‌లో 12 నుంచి 18 శాతం అయింది, 2025 సెప్టెంబర్‌లో పెద్ద టీవీలకు తగ్గించారు గానీ ఫోన్లను ముట్టలేదు. నేను కట్టిన 16,499లో 2,500 పైచిలుకు పన్నే.

ఫోన్ షోకు వస్తువేమో, తక్కువదే కొనుక్కో అంటారు కొందరు. మా చిన్నాయనకు మూడెకరాల పత్తి. 2025 సీజన్‌లో కేంద్రం తరఫున పత్తి కొనే సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. ఆయన దగ్గర ఉన్నది బటన్ ఫోన్, నా ఫోన్లో చేసిపెట్టాను. షాపులో వైండింగ్ ఆపి అట్లా ఎంతమందికి చేసిపెట్టానో లెక్క లేదు. ఫోన్ లేకుంటే పత్తి కూడా కదలని కాలం ఇది.

అందుకే నా బాధంతా ఫోన్ ఎంతకాలం ఉంటుందన్న దాని మీదే. నేను కొన్న ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్‌లు మూడేళ్లే, ఇది కొన్నాక వెతికితే దొరికింది. గూగుల్ పిక్సెల్ 8 నుంచి, శాంసంగ్ ఎస్24 నుంచి ఏడేళ్లు ఇస్తామన్నాయి, అవి మా స్థాయి ఫోన్లు కావు. కానీ అదే శాంసంగ్ 2024లో ఏ16 5జీ అనే సాదా ఫోన్‌కు ఆరేళ్లు ప్రకటించింది. అంటే తక్కువ ధర ఫోన్‌కు ఇవ్వలేకపోవడం అనేది ఉత్త మాట. ముందే తెలిస్తే కొంచెం ఆగి అటు చూసేవాణ్ణి.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ప్రతి కొత్త ఫోన్‌తో ఒక లేబుల్ ఇవ్వాలి. కింద పడితే ఎంత తట్టుకుంటుంది, బ్యాటరీ ఎన్నిసార్లు చార్జింగ్ అయ్యాక 80 శాతానికి తగ్గుతుంది, రిపేర్ చేయడం ఎంత సులువు అన్నది దాని మీద ఉంటుంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2024లో రిపేర్ ఎంత సులువో మార్కులిచ్చే రిపేర్ సూచీ మీద ఒక కమిటీ వేసింది, 2025 మేలో నివేదిక వచ్చింది. అట్టల మీద మాత్రం ఇప్పటికీ ఏమీ లేదు.

వాళ్లు పెట్టే దాకా మీరు పెట్టండి. ప్రతి ఫోన్ కింద రేటు రాసినట్టే డిస్‌ప్లే మారిస్తే ఎంత, బ్యాటరీ మారిస్తే ఎంత, అప్‌డేట్‌లు ఏ సంవత్సరం దాకా, మన జిల్లాలో సర్వీస్ సెంటర్ ఎక్కడ, ఈ నాలుగూ ఒక్క లైన్‌లో వేయండి. సెల్ఫీ ఎట్లా వస్తుందో షాపులో మేం చూసుకుంటాం.

మొన్న చిన్నాయన ఫోన్ కొంటానని వచ్చాడు, ఏది కొనాలిరా అన్నాడు. డిస్‌ప్లే రేటు కనుక్కొని చెప్తానని మూడు షాపులు తిరిగాను. రెండు షాపుల్లో తెలియదన్నారు. మూడో షాపతను నవ్వి "ఇంకా కొననే లేదు, అప్పుడే పగలగొడతావా అన్నా?" అన్నాడు.

— ఒక మోటార్ వైండింగ్ మెకానిక్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా