ఫోన్లో సగంలో ఆగిన మన గొడవ

రేయ్ సీనూ,

ఎలా ఉన్నావ్? మొన్న "ఎమ్మెల్యే అంటే జనం చెప్పింది చెయ్యాలి, వాడి సొంత తెలివి ఎవడడిగాడు" అని టక్కున ఫోన్ పెట్టేశావ్, అప్పట్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది, అందుకే రాస్తున్నా, తిట్టుకోకుండా చదువు.

2014 ఫిబ్రవరి 18 గుర్తుందా? హాస్టల్ టీవీ రూమ్‌లో ఒక పక్క మీ ఖమ్మం బ్యాచ్, ఇంకో పక్క మా తెనాలోళ్ళం, కొట్టుకుంటామేమోనని మధ్యలో కుర్చీ వేసుకుని వార్డెన్. లోక్‌సభలో సరిగ్గా రాష్ట్ర విభజన బిల్లు టైంకి లైవ్ పోయింది, కేబుల్ అనుకుని ఎవడో టీవీ నెత్తిన రెండు పీకాడు కూడా! తీరా చూస్తే అక్కడే ఆగింది. మూజువాణి ఓటుతో, అంటే నోటితో అవును, కాదు అని అరిపించి, పాస్ అయిపోయిందన్నారు. అంతకుముందు జనవరి 30న మన అసెంబ్లీ ఆ బిల్లు వద్దని తీర్మానం చేసింది కదా, అదీ మూజువాణే. ఎవడు ఎటు ఓటేశాడో పేరుపేరునా లెక్కే లేనప్పుడు జనం మాట విన్నాడా లేదా అని ఎవర్ని నిలదీస్తాంరా?

పోనీ విన్నోళ్ళకి ఏం ఒరిగింది? కిరణ్ కుమార్ రెడ్డి సీఎంగా ఉండి రాష్ట్రం కలిసే ఉండాలని సొంత కాంగ్రెస్ హైకమాండ్‌కే ఎదురు తిరిగాడు, లోక్‌సభలో బిల్లు పాసైన మర్నాడే రాజీనామా, ఆపైన జై సమైక్యాంధ్ర పార్టీ. మావాళ్ళు కోరుకుందీ అదేగా, మరి ఆ ఏడాది ఎన్నికల్లో ఒక్క సీటు రాలేదు. తెలంగాణ ఇచ్చిన కాంగ్రెస్‌కి మీ దగ్గర 119లో 21, మా దగ్గర 175లో గుండుసున్నా.

అయితే ఒకటి ఒప్పుకుంటా. 2010లో మీ ఎమ్మెల్యేలు 12 మంది తెలంగాణ కోసం రాజీనామా చేసి మళ్ళీ మీ దగ్గరికే వచ్చారు, 12 మందీ గెలిచారు. అదీ పద్ధతంటే, మాకు పడనప్పుడు కూడా ఆ దమ్ము నచ్చింది నాకు, అప్పుడు నీకు చెప్పలేదులే.

మిగతా రోజుల్లో మాత్రం మనం జనమా సొంత బుర్రా అని అరుచుకోవడం దండగ, విప్, అంటే ఇలాగే ఓటెయ్యాలన్న పార్టీ ఆర్డరు, కాదని ఓటేస్తే సీటే ఊడే చట్టం 1985 నుంచీ ఉంది, రిమోట్ పార్టీ ఆఫీసులో ఉంటుంది.

ఇంకా జనం జనం అంటావా, మా వీధి కథ విను. చెరువు గట్టు మీద షాపులున్నాయి, వానొస్తే నీళ్ళు పోయే దారిలేక మా గుమ్మంలోకొస్తాయి, అయినా అవి తీయొద్దని సంతకాలు పెట్టింది మా వీధోళ్ళే, మా బాబాయ్‌తో సహా! మొన్న ఓ పెళ్ళిలో మా ఎమ్మెల్యే కనిపిస్తే వాళ్ళు తీయొద్దన్నారు, నేను తీయించమన్నా. ఆయన ఇద్దరి భుజాల మీదా చెయ్యేసి "చేద్దాం, చేద్దాం" అని బిర్యానీ వైపు వెళ్ళిపోయాడు. వాళ్ళకి మొహం మీదే "కుదరదు" అన్నా, నాకే అన్నా, వచ్చేసారి ఆయనకే వేసేవాణ్ణి.

సంక్రాంతికి రా, మిగతాది కొట్టుకుందాం. వానలు లేవులే, చెప్పులు బయటే వదలొచ్చు.

నీ
రాజు