సర్వే చేయించినదెవరో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మొదటి పేజీలో మీరు వేసిన సర్వే చూశాను. ఏ పార్టీకి ఎన్ని సీట్లో జిల్లాలవారీగా రంగుల పటం వేశారు. ఎంతమందిని అడిగారో, ఎప్పుడు అడిగారో, డబ్బు ఎవరు పెట్టారో మాత్రం పేజీ అంతా వెతికినా కనబడలేదు. చేసిన సంస్థ, చేయించినవారు, శాంపిల్ ఎంత, దాన్ని ఎలా ఎంచుకున్నారు, ఫలితం ఎంత అటూ ఇటూ కావచ్చు అన్నవి స్పష్టంగా వేయాలని ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాల్లోనే ఉంది కదా!

2024 జూన్ 1న దాదాపు ఎగ్జిట్ పోల్స్ అన్నీ లోక్‌సభలో ఎన్డీయేకు 350 సీట్లు దాటుతాయన్నాయి. సోమవారం స్టాక్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 2,500 పాయింట్లు ఎగబాకింది, మర్నాడు లెక్కింపు మొదలయ్యాక 4,390 పాయింట్లు కూలింది. ఎన్డీయేకు వచ్చినవి 293. మన రాష్ట్రంలో ఆ సాయంత్రమే కొన్ని సంస్థలు వైఎస్సార్ కాంగ్రెస్ మళ్లీ గెలుస్తుందని చెప్పాయి. అసెంబ్లీలో ఆ పార్టీకి దక్కినవి 11. మా గోదావరి జిల్లాల్లో ఇలాంటి అంకెలు చూసి పందేలు కాస్తారు. పొలం తాకట్టు పెట్టినవాళ్లను నేనెరుగుదును. వాళ్లకు ఎవరు జవాబు చెబుతారు?

ఇక ఫోన్ల గోల. రికార్డు చేసిన గొంతు, ‘మీ ఎమ్మెల్యే పనితీరు బాగుంటే ఒకటి నొక్కండి’ అంటుంది. ఎవరి తరఫునో చెప్పదు. నంబరు వాళ్ల దగ్గరే ఉంది కనుక పింఛను తీసేస్తారేమోనని మా పక్కింటి మామ్మగారు ప్రతిసారీ ఒకటే నొక్కుతారు. అలా వచ్చిన లెక్కలు చూసి పార్టీలు టికెట్లు ఇస్తున్నాయి! ఏళ్ల తరబడి పార్టీ జెండా మోసిన కార్యకర్తను పిలిచి ఒక్క మాట అడగరు. మా వీధి మురుగు రోడ్డెక్కిందని అర్జీలు పెట్టి విసిగిపోయాం, దాని గురించి అడిగే ఫోను ఏ అధికారి నుంచీ రాలేదు.

ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఎ సెక్షన్ పోలింగ్ పూర్తయ్యేదాకా ఎగ్జిట్ పోల్స్ వేయొద్దంటుంది. ఓటింగ్‌కు ముందు చేసే ఒపీనియన్ పోల్స్‌ను టీవీల్లో చూపడానికి పోలింగ్ ముగిసే ముందరి 48 గంటల్లో నిషేధం ఉంది. ఎప్పుడు చూపాలన్న దానికే చట్టం గానీ, ఎవరి డబ్బుతో చేశారన్న ప్రశ్న లేదు. నేను సర్వేలకు వ్యతిరేకిని కాను. జనం మాట అయిదేళ్లకోసారి కాక మధ్యలోనూ వినబడాలి. అందుకే నిజాయతీగా జరగాలంటున్నాను. పోయిన ఆదివారం సర్వేకు సొమ్ము ఎవరిచ్చారో, ఎందరిని అడిగారో ఇప్పటికైనా వేయండి. ఆ వివరాలు మీ దగ్గరా లేకపోతే ఆ మాటే మొదటి పేజీలో ప్రచురించండి.

— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా