బ్రిడ్జెట్ బిషప్ మంత్రగత్తె కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పుస్తకాల పేజీలో "ఎ డిస్కవరీ ఆఫ్ విచెస్" నవల గురించి తెగ మెచ్చుకుంటూ రాశారు, అది చూసే తెప్పించుకున్నా, దాదాపు 600 పేజీలు, నాలుగు రాత్రులు కూర్చుని చదివా, అయిపోయాక మనసు బాలేక ఈ ఉత్తరం రాస్తున్నా.

మొదలు చాలా బాగుందండీ. డయానా అనే హిస్టరీ ప్రొఫెసర్ ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో పాత రసవాదం రాతప్రతులు చదువుకుంటుంటుంది, పుట్టుకతో మంత్రగత్తె అయినా మంత్రాల జోలికి పోదు, ఒకరోజు ఆష్మోల్ 782 అనే ప్రతి తెరిస్తే రాత కింద ఇంకో రాత కదుల్తూ కనిపిస్తుంది. ఆ లైబ్రరీ సీన్లు అంత బాగా కుదరడానికి కారణం ఉంది, రచయిత్రి డెబోరా హార్క్‌నెస్ కూడా హిస్టరీ ప్రొఫెసరే, పోయిందనుకున్న సోయ్‌గా అనే పాత మంత్రాల పుస్తకం ప్రతిని 1994లో అదే లైబ్రరీలో గుర్తుపట్టింది ఆవిడే.

ఇంతలో 1500 ఏళ్ల వాంపైర్ మాథ్యూ వస్తాడు, కథ మొత్తం ఆయన చుట్టూ తిరగడం మొదలవుతుంది. ఆమెకి కాపలా కాస్తాడు, ఫ్రాన్స్‌లో తన కోటకి తీసుకెళ్తాడు, అక్కడ వైన్, గుర్రపుస్వారీ, ముద్దులు, పేజీలకి పేజీలు. శత్రువులు ఎత్తుకుపోయి హింసలు పెడితే కాపాడేదీ ఆయనే. ఇంత చదువుకున్న, అంత శక్తి ఉన్న మనిషి ఆయన వచ్చేదాకా ఎదురుచూడ్డం ఏంటండీ? ఆ రాతప్రతైనా మళ్ళీ చేతికొస్తుందా అంటే చిరిగిన ఒక్క పేజీ తప్ప ఏమీ రాదు, మిగతాది తర్వాతి భాగాల్లో చూస్కోవాలి.

ఇదంతా ఒకెత్తు, నన్ను నిజంగా బాధపెట్టింది వేరే. డయానా వంశం బ్రిడ్జెట్ బిషప్ నుంచి వచ్చిందంట, ఆవిడ నిజంగానే మంత్రగత్తె అంట. ఆ బ్రిడ్జెట్ నిజంగా బతికిన మనిషండీ, అమెరికాలో సేలం అనే ఊళ్ళో మంత్రగత్తెలని నేరం మోపి 1692 జూన్ 10న అందరికంటే ముందు ఉరితీసింది ఆవిడనే, మొత్తం 19 మందిని ఉరితీశారు, నోరు విప్పని ఒక ముసలాయన్ని బండరాళ్ళు పేర్చి చంపారు. విచారణలో ఆవిడ నేను మంత్రగత్తెని కాను, అసలు మంత్రగత్తె అంటే ఏంటో కూడా నాకు తెలీదు అని చెప్పుకుంది. ఆవిడ పేరు మీద మచ్చ తీసేస్తూ మసాచుసెట్స్‌లో చట్టం వచ్చింది 2001లో, అంటే 309 ఏళ్ల తర్వాత. ఇప్పుడు కథ కోసం ఆవిడ మంత్రగత్తే అని రాసేస్తే ఆ రోజు ఉరేసినవాళ్ళ మాట నిజమైనట్టే కదా, అదీ ఒక హిస్టరీ ప్రొఫెసర్ రాయడం.

నేను మెదక్ వైపు మనిషిని. బాణామతి చేసిందని మా పక్కూళ్ళో ఒక ముసలామెని చెట్టుకి కట్టేసి పళ్ళు ఊడగొట్టారు, నేను అప్పుడు ఏడో క్లాసు. తర్వాత ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడేది, ఎవరింటికీ వచ్చేది కాదు, మా అమ్మ నాతో బియ్యం పంపితే గుమ్మం లోపల్నుంచే చెయ్యి చాపి తీసుకునేది. ఆమె గురించి రేపు ఎవరైనా నిజంగానే ఆమెకి బాణామతి వచ్చు అని లవ్ స్టోరీ రాస్తే నేను చదవలేను.

నవలని మెచ్చుకోండి, తప్పులేదు, కానీ బ్రిడ్జెట్ బిషప్ ఎవరో ఆ పక్కనే రెండు లైన్లు వేసుండాల్సింది. వచ్చే ఆదివారమైనా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, మెదక్