ఇద్దరికి కాదు, మిగిలే ఒక్కరికి ఇల్లు

అమ్మలూ,

నువ్వూ అల్లుడుగారూ పిల్లలూ క్షేమమని తలుస్తాను. మేం ఇక్కడ బాగానే ఉన్నాం. ఫోన్లో ఈ సంగతి ఎత్తితే నాన్న పక్కనుంచి అందుకుంటారు, అంతలో నీకు ఆఫీసు టైమవుతుంది, మాట సగంలో ఆగిపోతుంది. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇక మీదట మేం ఎక్కడ ఉండాలన్నదాని మీద ఇద్దరం ఒక మాటకొచ్చాం. ఎందుకొచ్చామో నీకు పూర్తిగా తెలియాలి. ఎందుకంటే రేపు ఏ అర్ధరాత్రో ఫోను మోగితే పరుగెత్తుకు రావాల్సింది నువ్వే.

ఇన్నాళ్లూ సలహా చెప్పినవాళ్లంతా మమ్మల్ని జంటగానే ఊహించుకున్నారు. పొద్దున్నే ఇద్దరూ నడిచే పార్కు, సాయంత్రం ఇద్దరూ కూర్చునే బాల్కనీ, పండక్కి మీరొస్తే దిగడానికి మూడో బెడ్‌రూమ్. బ్రోచర్లలో బొమ్మలూ అవే. నాన్నకి డెబ్బై నిండాయి, నాకు అరవై నాలుగు. ఎలా చూసినా మాలో ఒకరు కొన్నేళ్లు ఒక్కరే ఉండాల్సి వస్తుంది. చదువుతుంటే నీకు బాధేస్తుందని తెలుసు, రాయడానికి నాకూ కష్టంగానే ఉంది. కానీ ఇల్లు చూసుకోవాల్సింది ఆ ఒక్కరి కోసం. ఇద్దరం ఉన్నంతకాలం ఎక్కడైనా సర్దుకుపోతాం. నాన్న ఒక్కరే మిగిలితే ఆయనకి వంట రాదు, కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో కూడా తెలియదు. నేను మిగిలితే నాకు బండి నడపడం రాదు, తెలుగు తప్ప ఇంకో భాషలో నాలుగు మాటలు మాట్లాడలేను. ఏ ఊరు చూసినా, ఏ కాలనీ చూసినా, ఈ ఇద్దరు ఒంటరి మనుషుల్నీ విడివిడిగా అక్కడ పెట్టి ఆలోచించాను.

నువ్వు మొదట చెప్పింది కోయంబత్తూరు కాబట్టి ముందు దాని సంగతి. పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా కట్టిన కాలనీలు మన దేశంలో ఎక్కువగా దక్షిణాదిలోనే వచ్చాయి, వాటిలో కోయంబత్తూరుకి పెద్ద పేరు. వెళ్లి చూశాక ఎందుకో తెలిసింది. పాలక్కాడ్ కనుమలోంచి గాలి కొడుతుంది, మన ఎండలకి అలవాటుపడ్డ ఒంటికి హాయిగా ఉంటుంది. ఊరికొచ్చే శిరువాణి నది నీళ్లు తియ్యగా ఉన్నాయి. పెద్ద ఆసుపత్రులకు లోటు లేదు. మేం చూసిన కాలనీల్లో ఎక్కడా గడపలు లేవు, బాత్రూముల్లో పట్టుకోడానికి కడ్డీలు పెట్టారు, మంచం పక్కన పిలిచే బెల్లు ఉంది, అందరికీ ఒకటే భోజనశాల. శ్రద్ధగా కట్టారు. నాన్నయితే ఆ పూటే అడ్వాన్సు ఇచ్చేసేలా ఉన్నారు.

నేను ఆఫీసులో కూర్చుని వేరే ప్రశ్నలు అడిగాను. రాత్రి రెండింటికి బెల్లు నొక్కితే వచ్చేది నర్సా, వాచ్‌మనా? అంబులెన్సు లోపలే ఉంటుందా, ఫోన్ చేస్తే వస్తుందా? ఆసుపత్రిలో చేర్చేటప్పుడు పక్కన ఎవరుంటారు, కాగితం మీద సంతకం ఎవరు పెడతారు? కొన్నిచోట్ల జవాబు సూటిగా వచ్చింది, కొన్నిచోట్ల స్విమ్మింగ్ పూల్ చూపిస్తామన్నారు.

తర్వాత ఒప్పందం కాగితాలు అడిగి తెచ్చుకుని చదివాను. అమ్మేవి కొన్ని, పెద్ద డిపాజిట్ తీసుకుని లీజుకిచ్చేవి కొన్ని, నెల అద్దెకిచ్చేవి కొన్ని. కొనుక్కుంటే రిజిస్ట్రేషన్ మన పేరునే అవుతుంది. కానీ చాలాచోట్ల 55 ఏళ్లో 60 ఏళ్లో దాటినవాళ్లే అందులో ఉండాలని నియమం. అంటే మా తర్వాత అది నీకొచ్చినా ఆ వయసొచ్చేదాకా నువ్వు అందులో ఉండలేవు. అమ్మాలన్నా అందులో ఉండేవాళ్లు ఆ వయసువాళ్లే కావాలి కాబట్టి కొనేవాళ్లు తక్కువ, మామూలు ఫ్లాటు అమ్ముడుపోయినంత తేలిగ్గా అది పోదు. లీజు డిపాజిట్‌కి వడ్డీ ఉండదు. ఖాళీ చేశాక కోతలు పోను తిరిగి ఇస్తామంటారు. ఎన్ని నెలల్లో ఇస్తారో, ఇంకొకరు చేరాకే ఇస్తామంటారో కాగితం మీద చూడాలి. ఆ కంపెనీ చితికిపోతే మన డబ్బు కోసం మిగతా అప్పులవాళ్లతో పాటు వరసలో నిలబడాలి.

అన్నిటికంటే నన్ను ఆపింది ఇంకో మాట. స్వతంత్రంగా తిరగగలిగినవాళ్లే ఇక్కడ ఉండాలి, నిరంతరం మనిషి కనిపెట్టుకుని ఉండాల్సిన స్థితి వస్తే వేరే ఏర్పాటు చేసుకోవాలి అని కొన్ని ఒప్పందాల్లో రాసి ఉంటుంది. మతిమరుపు ముదిరినప్పుడో పక్షవాతం వచ్చినప్పుడో కదా మనకి ఆ చోటు కావాల్సింది! అలాంటివాళ్లని చూసుకునే విభాగం అదే ఆవరణలో ఉన్న కాలనీలు కొన్ని ఉన్నాయి. చూస్తే వాటినే చూడాలి. మాకు తెలిసినవాళ్లు ఎవరైనా వెళ్తామంటే నేను మొదట చెప్పే మాట ఇదే.

చట్టం ఉంది కదా అంటావు. ఇళ్లు కొనేవాళ్ల రక్షణ కోసం 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం కొనేవాళ్ల దగ్గర వసూలు చేసిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి, అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలి. మంచిదే. అయితే రెరా గోడలకి పూచీ, రాత్రి రావాల్సిన నర్సుకి కాదు. పెద్దవాళ్ల ఇళ్ల కోసం కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్డరూ, సేవలందించే సంస్థా, కొనేవాళ్లూ ముగ్గురూ కలిసి సంతకం చేసే ఒప్పందం ఉండాలని అందులో ఉంది. రాష్ట్రాలు తమ నియమాలుగా చేసుకుంటేనే వాటికి బలం. మహారాష్ట్రలో రెరాని అమలుచేసే సంస్థ 2024లో ఆ పని చేసింది. నీ స్నేహితురాలి అమ్మానాన్నలు పుణె వైపు చూస్తున్నారన్నావు, ఈ మాట వాళ్లకి చెప్పు.

ఇక భాష. కోయంబత్తూరులో తరతరాలుగా తెలుగు మాట్లాడే నాయుళ్ల కుటుంబాలున్నాయి, కొట్లలో ఒకరిద్దరు తెలుగులోనే పలకరించారు, సంతోషమేసింది. కానీ నర్సులూ ఆయాలూ ఆటోవాళ్లూ తమిళమే. నొప్పి ఎక్కడో, అది సలుపో పోటో మంటో చెప్పుకోవాల్సిన వేళ నేను చేతులు ఊపుతూ ఉండలేను. నాన్నకి ఇబ్బంది లేదు, మద్రాసులో ఉద్యోగం చేసిన మనిషి. నాకుంది. అక్కడ మిగిలేది నేనైతే?

హైదరాబాద్‌లోనే ఉండిపోవచ్చు కదా అని నీ రెండో మాట. ఈ నిజాంపేట ఫ్లాటులో నాకు లోటేమీ లేదు. కానీ మన అంతస్తులో ఇప్పుడు అన్నీ అద్దె కుర్రాళ్లే, పొద్దున పోతే రాత్రికొస్తారు, పేర్లు తెలిసేలోపు ఇల్లు మారిపోతారు. మేడ్చల్ వైపూ శంకరపల్లి వైపూ పెద్దవాళ్ల కాలనీలు కూడా చూశాం. చోటు విశాలం, చెట్లు బాగున్నాయి. తిరిగొచ్చేటప్పుడు కావాలని సాయంత్రం ఆరింటికి బయల్దేరాం. గుండెనొప్పితో ఉన్న మనిషిని ఆ ట్రాఫిక్‌లో ఊళ్లోకి తేవాలంటే ఏమవుతుందో కారులో కూర్చుని చూస్తే అర్థమవుతుంది, మ్యాపులో కిలోమీటర్లు చూస్తే కాదు. ఏ కాలనీకి వెళ్లినా ఆ వేళకే బయల్దేరి చూడమని అందరికీ చెబుతున్నాను.

ప్రీలాంచ్ అని, యూడీఎస్ అని చౌకగా ఇస్తామనేవాళ్ల జోలికి మాత్రం మీరు కూడా పోకండి. అనుమతి రాకముందే భూమిలో వాటా రాసిచ్చి డబ్బు మొత్తం తీసుకుంటారు. కట్టడం ఆగిపోతే మన వయసులో కోర్టు చుట్టూ తిరగలేం. స్థలం చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే మేరలోనో, దాని చుట్టూ కట్టకూడని బఫర్ జోన్‌లోనో ఉందేమో చూసుకోవాలని, చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా 2024లో వచ్చాక అందరికీ తెలిసొచ్చింది. 2020 అక్టోబరు వానకి ఏ కాలనీలు మునిగాయో ఆ చుట్టుపక్కల ఇడ్లీ బండివాడిని అడిగినా చెబుతాడు. అల్లుడుగారు అడిగిన ఫామ్‌హౌస్ సంగతి కూడా కనుక్కున్నాను. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడ ఫ్లాటో ఇల్లో కొనుక్కోవచ్చు గానీ వ్యవసాయ భూమీ ఫామ్‌హౌసూ కొనకూడదు, విదేశీ మారకం చట్టం ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే వేరే మాట. మా పేరున కొనిపెట్టమని అడగొద్దని ఆయనకి నెమ్మదిగా చెప్పు.

విశాఖ నాన్నకి ఇష్టం. సముద్రం ఉంది, పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఉంది, ఆరిలోవ దగ్గర హెల్త్ సిటీ ఉంది, ఆసుపత్రుల మాటకొస్తే మన ఆంధ్రలో దానికి సాటి లేదు. కానీ ఎత్తుపల్లాల ఊరు, నా మోకాళ్లు ఒప్పుకోవు. పైగా అక్కడ మనకంటూ ఒక్కరూ లేరు. పెదనాన్నగారు మంగళగిరి వైపు స్థలం కొనమంటున్నారు. ఎయిమ్స్ దగ్గర, రాజధాని దగ్గర, ధర పెరుగుతుందని. 2015లో అమరావతి శంకుస్థాపన అప్పుడు రేట్లు ఎక్కడికి పోయాయో, 2019 చివర్లో మూడు రాజధానులన్నాక ఏమయ్యాయో, మళ్లీ ఇప్పుడెలా ఉన్నాయో చూస్తూనే ఉన్నాం. నలభై ఏళ్లవాళ్లు ఆ ఆటుపోట్లకి ఓర్చుకోగలరు. మాకు కావాల్సింది నివాసం, పదేళ్ల తర్వాత లాభం కాదు.

ఇంతకీ మేం అనుకున్నది కాకినాడ. పెన్షనర్స్ ప్యారడైజ్ అని దానికి ఎప్పటినుంచో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. తిన్నగా గీసినట్టుండే వీధులు, చదునైన నేల. రంగరాయ మెడికల్ కాలేజీ 1958 నుంచి ఉండబట్టి వీధికో డాక్టరు. గాంధీనగర్, రామారావుపేటల్లో తిరిగి చూశాను. మందుల షాపు, బ్యాంకు, గుడి, పార్కు, కూరగాయలు, అన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న వీధులు దొరికాయి. కర్రీ పాయింట్ ఉందో లేదో కూడా చూశాను. నువ్వు నవ్వుకోకు, నాన్న ఒక్కరే అయితే ఆయన ఆకలి తీర్చేది అదే. కుక్కరులో అన్నం పెట్టుకోవడం ఈ ఏడాదిలో నేర్పిస్తాను. పిన్నీ బాబాయీ అదే ఊళ్లో ఉన్నారు, కానీ వాళ్లకీ వయసొచ్చింది, వాళ్లని నమ్ముకుని వెళ్లడం లేదు. పాలవాడూ, మందుల షాపు అబ్బాయీ, ఎదురింటివాళ్లూ రోజూ ముఖం చూసే వీధిని నమ్ముకుని వెళ్తున్నాం. రెండు రోజులు తలుపు తీయకపోతే ఎవరో ఒకరు వచ్చి తట్టాలి, నాకదే ముఖ్యం. నాన్నకైతే పీఆర్ కాలేజీలో తనతో చదువుకున్నవాళ్లు ఇంకా నలుగురున్నారు.

లోపాలు లేవని కాదు. మెయిన్ లైను ఊళ్లోకి రాదు, చాలా రైళ్లకి సామర్లకోట వెళ్లాలి. నువ్వు విమానంలో వస్తే రాజమండ్రిలో దిగి కారులో రావాలి. పెద్ద ఆపరేషన్ ఏదైనా పడితే విశాఖో హైదరాబాదో తప్పకపోవచ్చు. ఉక్కపోత సంగతి సరేసరి. 1996 నవంబరు తుఫాను ఆ ఊరివాళ్లెవరూ మర్చిపోలేదు, ఉప్పాడ దగ్గర సముద్రం ఒడ్డుని కోసుకుంటూ వస్తూనే ఉంది. అందుకే సముద్రం వైపు ఇల్లు వద్దనుకున్నాం. వానాకాలంలో నీళ్లు నిలిచే వీధులు ఏవో పిన్నిని అడిగి రాసుకున్నాను. 2024లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు మేడ మీద చిక్కుకున్న ముసలివాళ్లని టీవీలో చూశాక ఈ విషయంలో నేను మొండిదాన్నయ్యాను.

వెంటనే ఏదీ కొనడం లేదు. పదకొండు నెలల ఒప్పందం మీద కింది అంతస్తులో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకుంటున్నాం. వేసవీ వానాకాలమూ రెండూ అక్కడ గడిపి చూస్తాం. అప్పటిదాకా నిజాంపేట ఫ్లాటు అమ్మం. ఆ తర్వాత నచ్చితే అది అమ్మి అక్కడ చిన్న ఇల్లు కొంటాం. అమ్మిన రెండేళ్లలోపు ఇల్లు కొంటే ఆ మేరకు లాభం మీద పన్ను ఉండదు, మిగిలిన లాభానికి పన్ను కట్టేద్దాం. పెద్ద ఇల్లు మాత్రం కొనం. డబ్బంతా గోడల్లో పెట్టేస్తే రేపు పగలొక ఆయా రాత్రొక ఆయా కావాల్సి వచ్చినప్పుడు జీతాలెక్కడివి? ఇప్పుడీ ఫ్లాటుకి అద్దె వచ్చినా దాని ధరలో రెండు మూడు శాతానికి మించదు. అదే సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 30 లక్షలు వేస్తే 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, వేసిననాటి వడ్డీ ఐదేళ్లూ మారదు. ఇద్దరి పేరునా విడివిడిగా వేస్తాం. నా పెన్షన్ నేనున్నంతకాలమే, తర్వాత నాన్నకి ఫ్యామిలీ పెన్షన్ కింద తగ్గి వస్తుంది. అందుకే ఆయన పేరున వేసేది ముందు వేస్తున్నాను.

ఇంకో సంగతి. ఇల్లు ఇప్పుడే నీ పేరున రాసేయమని నాకు చాలామంది చెప్పారు. రాయను తల్లీ. నీ మీద నమ్మకం లేక కాదు. ఇచ్చేసిన ఇంట్లో ఉంటూ బిడ్డనైనా సరే అడిగి బతకడం నాకు ఇష్టం లేదు. మిగిలేది నాన్నయితే ఆయనకి అసలే ఇష్టం ఉండదు. వృద్ధుల కోసం 2007లో వచ్చిన చట్టం ఉంది, చూసుకుంటామన్న షరతు రాసి ఇచ్చిన ఆస్తిని చూడకపోతే వెనక్కి తీసుకోవచ్చు. నాకు నీతో చట్టం దాకా వెళ్లే మాటే వద్దు. వీలునామా రాసి రిజిస్టరు చేయిస్తున్నాం, నకలు నీకు పంపుతాను.

నువ్వు చేయాల్సినవి రెండున్నాయి. అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి ఫోనొస్తే నీ తరఫున ఇక్కడ సంతకం పెట్టేది ఎవరో తమ్ముడితో మాట్లాడి తేల్చు. వాడు బెంగళూరులోనే ఉన్నా నెలలో సగం రోజులు ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి, వాడు లేనప్పుడు ఎవరో కూడా అనుకోండి. రెండోది, ఈసారి సంక్రాంతికి టికెట్ తీసేటప్పుడు హైదరాబాద్‌లో రెండు రోజులే పెట్టుకుని మిగతావన్నీ కాకినాడకి ఉంచు. లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ఊళ్లో ఉంటారు. ఆ ఇల్లు నువ్వు కళ్లారా చూసి, నాన్న లేనప్పుడు నేనూ, నేను లేనప్పుడు నాన్నా అక్కడ ఉండగలమా లేదా నాతో చెప్పు. వద్దనిపిస్తే మొహమాటపడకు, అద్దె ఇల్లే కదా, ఖాళీ చేసేద్దాం.

పిల్లలకి ముద్దులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
అమ్మ