పై అంతస్తుకు వినిపించని అలారం

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలినప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్న ఫైర్ సిబ్బందిని తలచుకునే రోజులు. ఏటా ఈ వారం గ్యాస్ సిలిండర్ కాడ జాగ్రత్త, 101కి ఫోన్ చేయండి అని మీ జిల్లా పేజీల్లో వస్తుంది. బాగుంది. ఇంట్లో పొగ అలారం గురించి మాత్రం ఒక్క ముక్క కనపడదు. నేను టెలిఫోన్ శాఖలో ముప్పై ఏళ్లు కేబుళ్లు అతికిన మనిషిని. ఉత్తరంలో వైర్ల గొడవ కాస్త ఎక్కువే ఉంటుంది, ఓర్చుకోండి.

మాది తిరుపతిలో ఎం.ఆర్.పల్లి. కింది ఇల్లు 2011లో కట్టాం. స్లాబులో పైపులు వేసేటప్పుడే ఎర్ర వైరు లాగించి మూడు స్మోక్ డిటెక్టర్లు పెట్టించా. మెట్ల కింద వాటి కబురు అందుకుని హూటర్ మోగించే చిన్న ప్యానెల్, 24 వోల్టులది, కరెంటు పోతే నడవడానికి లోపల రెండు బ్యాటరీలు. "ఇల్లు కడతాండారా, సినిమా హాలు కడతాండారా సార్?" అని మేస్త్రీ నవ్వాడు. 2022లో మా పిల్లోడి కోసం పైన ఇంకో అంతస్తు వేశాం. పుట్టీ, పెయింటు అన్నీ అయినాక గుర్తొచ్చింది, పైకి డిటెక్టర్ల వైరే లాగలేదని. మళ్లీ గోడలకు గాడి కొట్టడానికి మా ఇంటావిడ ససేమిరా అంది. సరే అని వైర్‌లెస్‌వి మూడు కొన్నాం. బ్యాటరీతో నడుస్తాయి, వాటిలో వాటికి రేడియో సంబంధం, ఒకటి అరిస్తే మూడూ అరుస్తాయి. కింద ఉండే వాటితో కూడా కలుస్తాయా అని అంగట్లో అడిగితే, "అన్నీ స్మోక్ డిటెక్టర్లే కద సార్, కలవకేం!" అన్నాడు.

కలవలేదు. ఆ సంగతి పోయిన కార్తీకంలో తెలిసింది.

రాత్రి పదకొండు దాటింది. దేవుడి గూట్లో దీపం కొండెక్కిందనుకుని పడుకున్నాం. కొండెక్కలేదు. వత్తి జారి పక్కనుండే వత్తుల డబ్బాలో పడి, దూది మంట లేకుండా రగులుతా ఉంది. హాల్లో డిటెక్టర్ పసిగట్టింది, హూటర్ మోగింది. నేను తడి గోనెపట్ట తెచ్చి కప్పేలోపు హాలంతా పొగ. ఆర్పి, కిటికీలు తెరిచి, హూటర్ ఆపి కూర్చున్నాం. పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. పొద్దున కాఫీకి దిగిన మావాడు ముక్కు ఎగబీల్చి, "ఏంది నాన్నా ఈ వాసన?" అన్నాడు.

తలుపులు మూసి, ఏసీ వేసుకుని పడుకున్నోళ్లకు మెట్ల కింద హూటర్ ఏం వినిపిస్తుంది? మా ఇంట్లో పైకీ కిందికీ ఆ మెట్లొకటే దారి. కరెంటు స్కూటర్ ఛార్జింగ్ పెట్టేదీ అక్కడే. అది అంటుకుంటే పొగ గొట్టంలో పోయినట్టు పైకే పోతుంది. పైనుండే డిటెక్టర్లు పొగ తమ దాకా వస్తేనే అరుస్తాయి, అప్పటికి దిగే దారి ఉండదు. ఈ మాటే అంగట్లో చెబితే, ఫోన్‌కు మెసేజ్ వచ్చే మోడల్ తీసుకోమన్నారు. మావాడి ఫోన్ రాత్రంతా సైలెంట్‌లో ఉంటుంది.

అసలు చిక్కు ఇది. కింద వైర్ల చివర కరెంటును కాస్త అడ్డుకునే చిన్న రెసిస్టర్ ఉంటుంది. దాని గుండా ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు పారుతుంటుంది. అది ఆగిపోతే వైరు తెగిందని, పెరిగితే డిటెక్టర్ పొగ పట్టిందని ప్యానెల్ లెక్క. పైవాటికి ఈ లెక్క తెలియదు, వాటిది రేడియో. కింద తెలుగు, పైన తమిళం. మా ఊళ్లో మనుషులకైతే రెండూ వస్తాయి గానీ ఈ డబ్బాలకు దుబాసీ కావాల్సిందే. ఆ దుబాసీ మాడ్యూల్‌ను వైర్‌లెస్ డిటెక్టర్లు చేసిన కంపెనీయే అమ్ముతుంది, మనం అడిగితే తెప్పిస్తారు. ఇంకో కంపెనీది పనికిరాదు. ప్యానెల్ మోగినప్పుడు దానిలోని రిలే, అంటే తనంతట తానే కలిసే స్విచ్చి, మాడ్యూల్ రెండు పిన్నులను కలుపుతుంది. అవి కలిస్తే మాడ్యూల్ రేడియోలో పైవాటిని అరిపిస్తుంది. పైవి అరిస్తే తన లోపలి రిలేను కలిపి ప్యానెల్‌కు చెబుతుంది.

తెలిసినోణ్ణి కదా అని నేనే బిగించి రెండుసార్లు బోల్తా పడ్డా. మాడ్యూల్ రిలేను ప్యానెల్ లైనుకు నేరుగా కలిపితే ఫైర్ లైటు బదులు ఫాల్ట్ లైటు వెలిగింది. వైర్లు షార్ట్ అయ్యాయని అది అనుకుంది. ప్యానెల్ పుస్తకంలో చెప్పినట్టు మధ్యలో 680 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాక సరిపోయింది. రెండోది ఇంకా తమాషా. కింద అరిస్తే పైవి అరిచాయి, పైవి అరిచాయని ప్యానెల్ మళ్లీ అరిచింది, అది అరిచిందని మళ్లీ పైవి. ఎన్నిసార్లు రీసెట్ కొట్టినా ఆగదు. వీధి వీధంతా బయటికొచ్చింది. అదృష్టం, మా ప్యానెల్‌లో రెండు జోన్లు, అంటే డిటెక్టర్లకు రెండు విడి లైన్లు, జోన్‌కొక రిలే ఉంది. పైకి కబురు ఒకటో జోన్ నుంచే పంపి, పైనుంచి వచ్చేది రెండో జోన్‌లో వేస్తే గోల తెగింది. మాడ్యూల్‌ను మెట్ల మలుపులో పెట్టా, ఇనుప కమ్మీల స్లాబు రేడియోను కొంత మింగేస్తుంది కాబట్టి.

మీరూ స్క్రూడ్రైవర్ పట్టుకోండని నేను చెప్పను. 230 వోల్టుల మీద నడిచే డిటెక్టర్లయితే లైసెన్సు ఉండే ఎలక్ట్రీషియన్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. మా వీధిలో ఒకాయనకు కొడుకు అమెరికా నుంచి మోసుకొచ్చాడు. వైరువి 120 వోల్టులకు చేసినవి, పెట్టగానే కాలిపోయాయి. వైర్‌లెస్‌వైతే వాళ్ల రేడియో బ్యాండు వేరు, ఇక్కడ లైసెన్సు అక్కర్లేని వాటిలో ఒకటి 865 నుంచి 868 మెగాహెర్ట్జ్.

ఇంకో మాట. శుక్రవారం సాంబ్రాణికీ, మిరపకాయల తిరగమాతకూ అరుస్తుందని బ్యాటరీ పీకేసిన ఇళ్లు నాకు తెలుసు. పూజగది లోపల, పొయ్యి దగ్గర పొగది పెట్టకూడదు. వంటింటికి వేడికి పలికే హీట్ డిటెక్టర్ ఉంటుంది. డిటెక్టర్ వెనక తయారీ తేదీ ఉంటుంది, పదేళ్లు దాటితే మార్చేయాలి. మావి దాటిపోయి కూడా ఆ రాత్రి పలికాయంటే వెంకన్న దయ. ఇప్పుడు మార్చా.

మొన్న ఆదివారం రాత్రి పైన తలుపులు మూశాక, చెప్పకుండా కింద టెస్టు బటన్ నొక్కా. నిమిషంలోపే కోడలు పాపను ఎత్తుకుని దిగొచ్చింది. నాకు అక్షింతలు పడ్డాయనుకోండి.

మాలాంటి రెండంతస్తుల సొంతిళ్లకు ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం, అక్కర్లేదు, కాబట్టి చూసేవాళ్లూ ఉండరు. పాత ఇంటి మీద అంతస్తు వేసేవాళ్లు ఊళ్లో ఎందరో. వారోత్సవాల వార్తల్లో వాళ్లకోసం ఒక పెట్టె కట్టి వేయండి: కింద బటన్ నొక్కి, పైన పడకగది తలుపు మూసి, వినిపించాకే బిల్లు కట్టమని.

ఇట్లు,
టెలిఫోన్ శాఖ విశ్రాంత ఉద్యోగి,
ఎం.ఆర్.పల్లి, తిరుపతి